షాఫ్టు బలము - మనిషి భద్రత

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమున పండుగ దినములలో బండలాగుడు పందెములు జరుగుట మనమందరము ఎరిగినదే. ఒంగోలు జాతి ఎడ్లను పళ్ళను బట్టి వర్గములుగ విడదీసి, బరువైన రాతిబండకు కట్టి, గడువులోపల ఎంత దూరము లాగినవో కొలిచి బహుమానము లిత్తురు. చూడవచ్చిన జనము చూపు ఎడ్ల మీదనే యుండును. అనుభవము గల రైతు చూపు మాత్రము మరియొక చోట నుండును. బండ కదలు క్షణమున కాడి ఎట్లు వంగుచున్నది, గొలుసు ఎట్లు బిగియుచున్నది అని అతడు చూచును. కదిలిన బండను లాగుట ఒక ఎత్తు, కదలని బండను కదలించుట మరియొక ఎత్తు. తెగవలసిన గొలుసు సాధారణముగ ఆ క్షణముననే తెగును. తెగిన గొలుసు ఎటు ఎగురునో ఎవరును చెప్పలేరు గనుక, తెలిసిన పెద్దలు పిల్లలను దానికి దగ్గరగ నిలువనీయరు.

అమెరికా దేశములో ఇట్టిదే మరియొక పందెము కలదు. అందు ఎడ్లకు బదులు మోటారు ఇంజను, బండకు బదులు ఆ కారు బరువే. దానిని డ్రాగ్ రేసు అందురు. రెండు కార్లు ప్రక్కప్రక్కన నిలిచి, దీపము వెలుగగనే నిలిచిన చోటునుండి బయలుదేరి, మలుపులు లేని తిన్నని బాటపై పావు మైలు, అనగా 1,320 అడుగులు, పరుగెత్తును. ముందు చేరినది గెలిచినట్లు. పూర్వము ఊరి వీధులలో ఇష్టానుసారముగ సాగిన ఈ పందెములకు ఒక కట్టుబాటు తెచ్చుటకై 1951లో వాలీ పార్క్స్ అను నతడు జాతీయ హాట్ రాడ్ సంఘమును స్థాపించెను. నేడు అగ్రశ్రేణి కార్ల ఇంజన్లు 11,000 అశ్వశక్తికి మించినవని చెప్పుదురు. 2008 నుండి ఆ శ్రేణి కార్లకు బాటను 1,000 అడుగులకు తగ్గించిరి. ఆ వేయి అడుగులను అవి నాలుగు సెకనులలోపల దాటును.

ఈ పందెములతో జగ్గయ్యపేట లారీ డ్రైవరునకును, నందిగామ రైతునకును ఏమి పని అని మీరడుగవచ్చును. పని కలదు. ఇంజను శక్తిని చక్రములకు చేర్చు షాఫ్టు పందెపు కారులోను, లారీలోను ఒకే విధముగ పనిచేయును, ఒకే కారణములచేత విరుగును. ట్రాక్టరు వెనుక తిరుగు షాఫ్టును ఆ కుటుంబములోనిదే. విరిగిన షాఫ్టు మనిషిని ఏమి చేయగలదో పందెపువారు చాల త్వరగ తెలిసికొనిరి. వారు నేర్చినది రెండు మాటలలో చెప్పవచ్చును. షాఫ్టు బలము వేరు, మనిషి భద్రత వేరు. మొదటిదానిని సంపాదించి రెండవదియు చేతికి వచ్చినదని తలచుట పొరపాటు. ఈ ప్రసంగములో ఆ రెంటిని వేరువేరుగ విచారింతము.

లారీ ముందుభాగమున ఇంజను, దాని వెనుక గేరుపెట్టె యుండును. త్రిప్పవలసిన చక్రములు వెనుక నున్నవి. ఈ దూరమును కలుపునది బండి క్రింద పొడవుగ పోవు ఉక్కు గొట్టము. మోటారు పనివారు దానిని ప్రొపెల్లరు షాఫ్టు అని గాని, ఒట్టి షాఫ్టు అని గాని పిలుతురు. మొదటి మోటారు బండ్లలో పెక్కింటికి ఇంజను నుండి చక్రములకు గొలుసులో, తోలు పట్టాలో ఉండెడివి. ఫ్రాన్సు దేశమున లూయీ రెనో 1898లో తాను నిర్మించిన చిన్న కారునకు గొలుసు తీసివేసి షాఫ్టును అమర్చెను. ఆ పద్ధతియే లోకమంతట వ్యాపించినది.

షాఫ్టు మోయునది బరువు కాదు, మెలి. తడి పంచెను ఇద్దరు చెరియొక కొస పట్టుకొని పిండునపుడు బట్టలో పుట్టునదే మెలి. ముందు కొసను ఇంజను ఒక వైపునకు త్రిప్పుచుండగ, వెనుక కొసను బండి బరువు కదలనీయక పట్టియుంచును. ఒక లారీ ఇంజను మెలి 80 కిలోల మీటరు అనుకొందము. అనగా ఒక మీటరు పొడవు గల కడ్డీ కొసన 80 కిలోల బరువు వ్రేలాడదీసినంత. మొదటి గేరులో గేరుపెట్టె దీనిని ఏడు రెట్లు చేయునను కొన్నచో, షాఫ్టుపై పడు మెలి 560 కిలోల మీటరు. పై గేరులో రహదారిపై హాయిగ పోవునపుడు అది మరల 80కి దిగును. కాబట్టి షాఫ్టునకు గడ్డుకాలము వేగము కాదు, బయలుదేరుట. బండ కదలు క్షణమును గూర్చి రైతు ఎరిగిన సంగతియే ఇది.

ఇంత మెలిని మోయునది గొట్టమా, నిండు కడ్డీ కావలదా అని సందేహము కలుగవచ్చును. వెదురును చూడుడు. లోపల డొల్ల, అయినను గాలికి నిలుచును. కడ్డీని మెలిపెట్టినపుడు నడిమి భాగమునకు పని దాదాపు లేదు. వెలుపలి అంచునకు పోవుకొలది లోహముపై ఒత్తిడి పెరుగును. లెక్క యిట్లున్నది. నిండు కడ్డీలో దాని వ్యాసమునకు సగము వ్యాసము గల రంధ్రము తొలిచినచో, బరువులో నాల్గవ వంతు తగ్గును. బలములో తగ్గునది పదునారవ వంతు మాత్రమే. వ్యాసమును రెట్టింపు చేసినచో బలము ఎనిమిది రెట్లగును. కావున బలము కావలసినవాడు మందము పెంచుటకంటె ముందు వెడల్పు పెంచును. ఈ లెక్కకు పునాది వేసినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కూలుంబు. సన్నని తీగల మెలిని గూర్చిన అతని పరిశోధన 1784 నాటిది.

అయితే ఈ లెక్క మెల్లమెల్లగ పడు మెలికి మాత్రమే సరిపోవును. బరువును ఒక్కసారిగ వదలినచో లోహముపై కలుగు ఒత్తిడి, మెల్లగ మోపినప్పటికంటె రెట్టింపగును. నడుమ ఖాళీ యుండి, ఆ ఖాళీని దాటి వచ్చి కొట్టినచో రెట్టింపునకు మించును. సుత్తిని మేకుపై ఆనించి నొక్కుటకును, ఎత్తి కొట్టుటకును గల భేదమే యిది. క్లచ్చిని దిగ్గున వదలు డ్రైవరు షాఫ్టును సుత్తితో కొట్టుచున్నాడు. అరిగిన జాయింటు ఆ సుత్తికి ఎత్తు నిచ్చుచున్నది.

ఇక్కడ పందెపువారు కనుగొనిన మరియొక సూక్ష్మము కలదు. ఇంటిలో విద్యుత్తు ఎక్కువైనపుడు ఫ్యూజు తీగ కరిగి రేడియోను కాపాడునట్లు, బండిలో చక్రము జారుట షాఫ్టును కాపాడును. మెలి మితిమీరినచో టైరు నేలపై జారి, ఆ మెలిని చక్రము దాటనీయదు. పందెపు కార్లకు నేలను గట్టిగ కరచు వెడల్పైన మెత్తని టైర్లు తొడిగిన దినమున ఈ ఫ్యూజు పోయినది. అప్పుడు షాఫ్టులు విరుగసాగెను. మన లారీలో ఈ ఫ్యూజును తీసివేయునది అధిక భారము. పరిమితికి మించిన సున్నపురాయిగాని, సిమెంటు బస్తాలుగాని ఎత్తినపుడు వెనుక చక్రములు నేలను మరింత గట్టిగ పట్టును. జారవలసిన టైరు జారదు, మెలి అంతయు షాఫ్టునకే చుట్టుకొనును. వానకాలమున నందిగామ ప్రాంతపు నల్లరేగడిలో దిగబడిన బండి సంగతి ఇంకను చెడ్డది. చక్రము బురదలో గిర్రున తిరుగుచు తిరుగుచు, క్రింద వేసిన రాతిని హఠాత్తుగ పట్టుకొనును. తిరుగుచున్న ఇంజను వేగమంతయు ఆ ఒక్క పట్టులో షాఫ్టుమీద పడును. బండి బయటికి వచ్చినదని సంతోషించినవారు రెండు మైళ్ళు పోవునప్పటికి విరిగిన క్రాసును చూచుట అరుదు కాదు.

షాఫ్టునకు రెండవ శత్రువు వేగము. ఆడపిల్లలు తాడాట ఆడునపుడు తాడు నడిమి భాగము వెలుపలికి వంగి తిరుగుట చూచియుందురు. షాఫ్టును ఒక వేగము దాటి త్రిప్పినచో, ఉక్కు గొట్టమైనను ఆ తాడువలెనే నడుమ వంగి ఊగసాగును. ఇంజనీర్లు దానిని సంధి వేగమని వ్యవహరింతురు. ఈ విషయమును 1869లోనే రాంకిన్ అను శాస్త్రజ్ఞుడు విచారించెను. మూడు అంగుళముల వ్యాసము, అయిదు అడుగుల పొడవు గల పలుచని ఉక్కు గొట్టమునకు ఆ వేగము నిమిషమునకు సుమారు 5,400 చుట్లు. అదే గొట్టము పది అడుగుల పొడవున్నచో 1,350 చుట్లు మాత్రమే. పొడవు రెట్టింపైనచో వేగపు హద్దు నాల్గవ వంతునకు పడిపోవునన్నమాట. అందువలననే పొడవైన లారీలకు షాఫ్టును రెండు ముక్కలుగ చేసి, నడుమ రబ్బరు మెత్తలో సెంటరు బేరింగు అమర్తురు. ఆ రబ్బరు చీలి బేరింగు వదులైన దినమున రెండు పొట్టి షాఫ్టులకు నడుమ ఆధారము తప్పును. అప్పుడు ఊగుడు మొదలగును. గొట్టముపై చిన్న సొట్ట పడినను, తూకము కొరకు అతికిన చిన్న రేకుముక్క ఊడినను ఊగుడు హెచ్చును. ఇట్టి షాఫ్టునకు తూకము సరిచూపింపక తిరిగి బిగించుట మంచిది కాదు.

పందెపువారిలో కొందరు ఉక్కునకు బదులు అల్యూమినియమును, మరికొందరు కార్బను నారను జిగురుతో బిగించి చేసిన గొట్టమును వాడుదురు. ఒకే వ్యాసమున్నంతవరకు ఉక్కునకును అల్యూమినియమునకును సంధి వేగములో చెప్పదగినంత భేదము లేదు. అల్యూమినియము తేలిక గనుక గొట్టమును వెడల్పు చేయవచ్చును, లాభము అందువలన కలుగును. కార్బను నార వీటికంటె తేలిక, వీటికంటె బిగువు. విరిగినపుడు అది తరచు చీపురు పుల్లలవలె విడిపోవును గనుక, ఉక్కు గొట్టమంతగ చుట్టుప్రక్కల కొట్టదు. పందెపువారు దానిని మెచ్చుటకు ఈ గుణమును ఒక కారణము.

షాఫ్టు కొసలయందు గల జాయింటు మూడవ విషయము. గుంతలలో వెనుక చక్రములు పైకి క్రిందికి కదలును, గేరుపెట్టె కదలదు. ఈ రెంటిని కలుపు షాఫ్టు ఏ కోణమునకైన వంగుచు తిరుగవలెను. ఇందుకు ఉపయోగించునది నాలుగు చేతుల చిన్న ఉక్కు క్రాసు. పదునారవ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరిట దీనిని కార్డను జాయింటని అందురు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1676లో దీనిని వర్ణించి ప్రకటించినందున హుక్ జాయింటనియు పేరు కలదు. దీనికొక దోషము కలదు. వంపులో ఒక కొస సమవేగముతో తిరిగినను రెండవ కొస ఒక చుట్టులో రెండుమార్లు తొందరపడి, రెండుమార్లు వెనుకబడును. వంపు 30 డిగ్రీలున్నచో, ఒక కొస వేగము 100 అయినపుడు రెండవ కొస వేగము సుమారు 87 నుండి 115 వరకు మారుచుండును. రెండవ చివర మరియొక జాయింటు పెట్టి, రెంటి చీలికొసలను ఒకే వరుసలో నిలిపినచో, ఒకదాని దోషమును మరియొకటి సరిదిద్దును. వరుస తప్పినచో దోషము రెట్టించును. కాబట్టి షాఫ్టును విప్పునపుడు, నడుమ జారుడు జోడింపునకు రెండు ప్రక్కల సున్నముతోనో, రంగుతోనో ఎదురెదురు గుర్తులు పెట్టుట నేర్పరియైన మెకానిక్కు మొదటి పని. గుర్తు లేకుండ విప్పి, చేతికి వచ్చినట్లు బిగించిన షాఫ్టు దినదినము తన్ను తాను కొట్టుకొనును.

ఇక నాల్గవది లోహపు అలసట. ఒక్కసారి మోయగలిగిన బరువును లోహము పదిలక్షల సార్లు మోయలేకపోవచ్చును. దీనిని లోకము దుఃఖముతో నేర్చినది. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయి నుండి పారిసుకు వచ్చుచున్న రైలు ఇంజను ఇరుసు విరిగి, బండి పట్టాలు తప్పి మంటలలో చిక్కి, యాబదిమందికి పైగా మరణించిరి. తరువాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ 1850, 60 దశకములలో రైలు ఇరుసులను యంత్రముపై లక్షలసార్లు వంచి, లోహము ఎట్లు అలసిపోవునో లెక్కకు తెచ్చెను. అలసట సామాన్యముగ కంటికి కనబడని గీత దగ్గర ఆరంభమగును. ఉలితో కొట్టిన గాటు, చెడుగ వేసిన వెల్డింగు, త్రుప్పు గుంట, ఇవి అన్నియు దానికి ద్వారములు. క్రొత్త షాఫ్టును లారీపైనుండి నేలకు విసరువాడు ఆ దినమున ఏ హానియు చూడడు. హాని ఆరు నెలల తరువాత, మరియొక ఊరి దగ్గర కనబడును.

ఇంతవరకు చెప్పినది బలమును గూర్చి. దీనినంతటిని పాటించినవాని షాఫ్టు చాలకాలము మన్నును. అయినను ఎప్పటికిని విరుగదని చెప్పగలవారు లేరు. భద్రత అను విచారణ ఇచ్చట మొదలగును.

డాన్ గార్లిట్స్ అను పేరు అమెరికా డ్రాగ్ రేసులలో సుప్రసిద్ధము. అతని కాలపు అగ్రశ్రేణి కార్లలో డ్రైవరు ఇంజనుకు వెనుక, కారు చిట్టచివర, తిరుగు యంత్రభాగములకు ఇరుప్రక్కల కాళ్ళు చాపి కూర్చుండెడివాడు. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలో లయన్స్ అను బాటపై బయలుదేరిన క్షణమున అతని కారు గేరుపెట్టె బ్రద్దలైనది. కారు రెండు ముక్కలైనది. అతని కుడిపాదములో కొంత భాగము తెగిపోయినది. అతడు మరింత గట్టి గేరుపెట్టెను తయారుచేయించి తృప్తిపడవచ్చును. కాని కోలుకొనుచునే అతడు వేరొక ప్రశ్న వేసికొనెను. ఇది మరల బ్రద్దలైనచో నేనెక్కడ ఉండవలెను? ఇంజనును డ్రైవరు వెనుకకు మార్చిన కారును నిర్మించి, 1971లో దానితోనే పందెములు గెలిచెను. కొలది యేండ్లలో ఆ శ్రేణి కార్లన్నియు ఆ మార్గమునే పట్టినవి. అచ్చట మారినది ఉక్కు నాణ్యము కాదు, మనిషి కూర్చుండు చోటు.

సామాన్యపు పందెపు కారులో డ్రైవరును అట్లు మార్చుటకు వీలులేదు. షాఫ్టు అతని సీటు ప్రక్కనుండియే పోవును. అందువలన సంఘపు నియమావళి ఒక స్థాయి వేగము దాటిన కార్లకు మరియొక ఏర్పాటు విధించినది. షాఫ్టు ముందు జాయింటునకు ఆరు అంగుళములలోపల, షాఫ్టు చుట్టును ఒక ఉక్కు వలయము బిగింపవలెను. పట్టీతో చేసినచో అది పావు అంగుళము మందము, రెండు అంగుళముల వెడల్పు కలిగి యుండవలెను. షాఫ్టు బాగున్నన్నాళ్ళు ఆ వలయమునకు పనియే లేదు. షాఫ్టు దానిని తాకదు. ముందు జాయింటు విరిగిన క్షణమున క్రిందికి పడబోవు కొసను అది పట్టుకొనును.

పట్టుకొననిచో ఏమగును? ముందు జాయింటు విరిగినచో షాఫ్టు ముందుకొస రోడ్డుకు తగిలి, గుంతలోనో, రాతి సందునో దిగబడును. ముందుకు పోవుచున్న బండి, గడకర్ర నాటి దుమికినవానివలె, దానిపై లేచిపడగలదు. వెనుక జాయింటు విరిగినచో షాఫ్టు ముందుకొసన తిరుగుచునే యుండి, వెనుకకొసతో గద కొట్టినట్లు చుట్టును కొట్టును. బ్రేకు గొట్టములు, నూనె తొట్టి, గాలి తొట్టి, క్యాబిను అడుగు, ఏది అందిన అది దెబ్బతినును. రెంటిలో ఏది జరిగినను ఇంజనుకును చక్రములకును సంబంధము తెగును. ఘాటు రోడ్డు దిగుచున్న బండికి గేరులో నుంచినందున కలుగు పట్టు ఆ క్షణమున మాయమగును. అప్పుడు బ్రేకు గొట్టము కూడ తెగియున్నచో డ్రైవరు గతి ఏమో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. హైదరాబాదునుండి విజయవాడ మీదుగ మచిలీపట్టణమునకు పోవు జాతీయ రహదారి జగ్గయ్యపేట సమీపముగ, నందిగామ మీదుగ సాగును. పూర్వము దాని సంఖ్య 9, ఇప్పుడు 65. ఈ రెండు పట్టణములును తరతరములుగ కృష్ణా జిల్లాలోనివే, 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ఈ నేల సున్నపురాతికి పేరొందినది. జగ్గయ్యపేట బౌద్ధస్తూపమునకు రెండువేల యేండ్లనాడు శిల్పులు చెక్కినది అట్టి రాతినే. నేడు జయంతిపురము, ముక్త్యాల ప్రాంతముల సిమెంటు కర్మాగారములు అట్టి రాతినే పొడి చేయుచున్నవి. గనినుండి కర్మాగారమునకు రాయి, కర్మాగారమునుండి దూరదేశములకు సిమెంటు, ఊళ్ళనుండి ప్రత్తి, మిరప, అన్నియు లారీలపైననే పోవును. షాఫ్టును అధికముగ బాధించు పనులన్నియు, అనగా బరువుతో బయలుదేరుట, గనిబాట ఎక్కుట, ఆగి ఆగి కదలుట, ఇచ్చట దినచర్య. దుమ్ము మరియొక శత్రువు. సున్నపురాతి దుమ్ము చీలిన రబ్బరు సీలు సందున క్రాసులోనికి దూరి, గ్రీజుతో కలిసి, ఆకురాయివలె బేరింగును అరగదీయును.

కాబట్టి లారీ యజమానులకు, డ్రైవర్లకు మా మనవి యిది. గ్రీజు పెట్టునపుడు క్రాసు నాలుగు కొసలనుండియు పాత గ్రీజు బయటికి వచ్చువరకు పెట్టించుడు. ఒక కొసనుండి రానిచో ఆ కొస ఎండియున్నదని గ్రహించుడు. ఇంజను ఆపి, చక్రములకు అడ్డు కట్టలు వేసి, గేరు తీసి, షాఫ్టును చేతితో అటునిటు త్రిప్పి చూడుడు. జాయింటులో కదలిక తెలిసినచో క్రాసు మార్చుటకు అది సమయము. గేరు వేయునపుడు 'టంగు'మను శబ్దము, ఒక వేగము దగ్గర మాత్రమే కలుగు అదురు, క్రాసు చుట్టును కనబడు ఎర్రని త్రుప్పు పొడి, ఇవి మూడును హెచ్చరికలు. ఫ్లాంజి బోల్టులను పాతవానితో సరిపెట్టక, చెప్పిన నాణ్యము గలవానినే వాడి, సరియైన బిగువునకు బిగింపించుడు. పిదప షాఫ్టు క్రింద పట్టుడు వలయము ఉన్నదో లేదో వంగి చూడుడు. తయారుచేసినవారు అమర్చి, మరమ్మతులో ఎవరో విప్పి, తిరిగి బిగింపక పారవేసిన సందర్భములు కలవు. అది లేకపోయినను బండి నడచును. అందువలననే అది పోయినట్లు ఎవరికిని తోచదు. లేనిచో, బండి చట్రమును ఎరిగిన పనివానిచేత, చట్రమునకు బలహీనత కలుగని చోట, షాఫ్టు ఎగిరిదిగుటకు చాలినంత సందు విడిచి పెట్టింపవలెను. విజయవాడ ఆటోనగరు వంటి చోట ఇది గొప్ప పని కాదు.

చివరకు చెప్పుచున్నను, ముఖ్యమునకు మొదటిది ట్రాక్టరు. ట్రాక్టరు వెనుక రోటావేటరును, నూర్పిడి యంత్రమును, మందు చల్లు యంత్రమును త్రిప్పుటకు పీటీఓ అను షాఫ్టు కలదు. అది సాధారణముగ నిమిషమునకు 540 చుట్లు తిరుగును. అనగా సెకనుకు తొమ్మిది. మూడు అంగుళముల వ్యాసము గల షాఫ్టు ఒక చుట్టులో సుమారు తొమ్మిదిన్నర అంగుళముల బట్టను చుట్టుకొనును. లెక్క వేసినచో సెకనుకు ఏడు అడుగులు. కండువా కొస చిక్కినదని గ్రహించి చేయి వెనుకకు తీయుటకు పట్టు కాలములో ఆ కండువా ముగిసిపోవును. చీరకొంగు, లుంగీ అంచు, విడిచిన జడ, అన్నియు అంతే. ఇచ్చట షాఫ్టు విరుగనక్కరలేదు. బాగున్న షాఫ్టే ప్రమాదము. అది ఎంత బలమైనదో అంత ప్రమాదము.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తిరుగు షాఫ్టుల చుట్టును కట్టుదిట్టమైన కంచె ఉండవలెనని, నడచుచున్న యంత్రభాగముల చెంత పనిచేయువారు ఒంటికి అంటియుండు దుస్తులు ధరింపవలెనని విధించెను. కాని పొలము ఫ్యాక్టరీ కాదు. నూర్పిడి యంత్రములచేత చేతులు పోగొట్టుకొనినవారిని దృష్టిలో నుంచుకొని 1983లో అపాయకర యంత్రముల నియంత్రణ చట్టము చేసిరి. ఎన్ని చట్టములున్నను కళ్ళములో రైతు ప్రక్కన ఇన్‌స్పెక్టరు నిలిచియుండడు. అచ్చట రక్షణ షాఫ్టుపై గల ప్లాస్టికు తొడుగే. ఆ తొడుగు లోపలి షాఫ్టుతో కలిసి తిరుగకుండ ఒక చిన్న గొలుసుతో కట్టబడి యుండును. గ్రీజు పెట్టుటకు అడ్డమని తొడుగును తీసివేయుట, గొలుసు తెగినచో మరల కట్టకపోవుట సాధారణము. తొడుగు పగిలినచో క్రొత్తది కొనుట, షాఫ్టు తిరుగుచుండగ దానిపైనుండి దాటకుండుట, చిక్కిన గడ్డిని తీయుటకు ముందు ఇంజను ఆపి తాళపు చెవి జేబులో వేసికొనుట, పిల్లలను ట్రాక్టరు వెనుకకు రానీయకుండుట, ఈ నాలుగు నియమములకు ఖర్చు చాల స్వల్పము.

ఈ ప్రసంగము వినుచున్న ఇండ్లలో ఒక ఇంట ట్రాక్టరు ఉండవచ్చును, ఒక ఇంటినుండి కుమారుడు లారీపై పోవుచుండవచ్చును. నూర్పిడి దినమున కళ్ళములో పనిచేయు ఆడవారు కొంగును నడుమునకు బిగించి దోపుట, జుట్టు ముడివేయుట ఇంటివారు చెప్పవలసిన మాట. లారీ ఇంటికి వచ్చిన దినమున, "బాడుగ ఎంత వచ్చినది?" అను ప్రశ్నతోబాటు, "షాఫ్టు క్రింద పట్టీ ఉన్నదా, నాయనా?" అని తండ్రి ఒక మాట అడిగినచో తప్పులేదు. మంచి షాఫ్టు అంగడిలో దొరకును, దాని బలము తయారుచేసినవాని బాధ్యత. అది విరిగిన దినమున దాని దారిలో మన మనిషి లేకుండ చూచుకొనుట మన బాధ్యత.